ఘాజీ ఎలా మునిగింది? మన యుద్ధ చరిత్రను జనం ఎందుకు పూర్తిగా నమ్మరు?

బీచ్‌రోడ్ వాసి:
అందరికీ నమస్తే. మాది విశాఖపట్నం. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మా ఊరి ఎదురుగానే మునిగింది. ఆర్కే బీచ్‌లో విజయ స్మారకం ఉంది, డిసెంబర్ వస్తే నేవీ డే హడావుడి ఉంటుంది, ఘాజీ పేరు వినని పిల్లాడు మా ఊళ్లో ఉండడు. కానీ అదెలా మునిగిందని అడిగి చూడండి, ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు, అంటే నీటి లోపల పేలే బాంబులు, వేసి ముంచిందనేది మన నౌకాదళం మాట. తాను సముద్రంలో పరిచిన మైన్‌కే (మందుపాతరకే) తాను తగిలి పేలిపోయిందనేది పాకిస్తాన్ మాట. లోపల బ్యాటరీల నుంచి వచ్చిన హైడ్రోజన్ అంటుకుందని మరికొందరు. ఇక సినిమా చూసినవాళ్లకు సినిమాలో ఉన్నదే చరిత్ర.

మొన్న మా వీధిలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు "గవర్నమెంటు చెప్పే యుద్ధం కథలన్నీ అబద్ధాలే అంకుల్" అనేశాడు. తెలివైన పిల్లాడు, బాగా చదువుతాడు కూడా. వాడి మాట అప్పటి నుంచి మనసులో మెదులుతూనే ఉంది. ఈ అపనమ్మకం ఎక్కడి నుంచి వస్తోంది? ఇందులో న్యాయం ఎంత? తెలిసినవాళ్లు రాయండి.

డాక్‌యార్డ్ ఇంటివాడు:
మా నాన్నగారు డాక్‌యార్డ్‌లో పనిచేశారు కాబట్టి నా పక్షపాతం నాకుంది, ముందే చెబుతున్నాను. అధికారిక కథనాన్ని కొట్టిపారేసేవాళ్లు ఆ వ్యూహం గురించి చదవరు. ఘాజీ 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరింది. దాని గురి మన విమాన వాహక నౌక విక్రాంత్. అప్పుడు విక్రాంత్ బాయిలర్‌లో పగులు ఉండటంతో పూర్తి వేగంతో వెళ్లలేకపోయేది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని రహస్యంగా అండమాన్ వైపు పంపేసి, విశాఖ దగ్గర రాజ్‌పుత్‌ను విక్రాంత్‌లా నటింపజేశారు. పెద్ద ఓడ ఒకటి ఇక్కడే ఉందని శత్రువు అనుకునేలా వైర్‌లెస్ సందేశాలు నడిపించారు. ఘాజీ ఆ ఎరకే పడింది.

డిసెంబర్ 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ హార్బర్ దాటాక రెండు డెప్త్ చార్జీలు వేసింది, కొద్ది నిమిషాలకు పెద్ద పేలుడు వినిపించింది. ఘాజీలోంచి తీసిన గడియారం ఆగిన సమయం దీనికి సరిపోయిందని కూడా చెబుతారు. ఆ జలాంతర్గామిలో 90 మందికి పైగా చనిపోయారు. ఇంత జరిగినదాన్ని ఎవరో వీడియోలో ఒక మాట అన్నాడని అబద్ధమనడం నాకు నచ్చదు.

పాత కాగితాల పిచ్చి:
డాక్‌యార్డ్ గారూ, వ్యూహం గురించి మీరు రాసిందాంట్లో నాకు అనుమానం లేదు. విక్రాంత్‌ను దాచడం, ఘాజీని విశాఖ దగ్గరికి రప్పించడం నిజంగా గొప్ప పని. అనుమానం ఉన్నది చివరి ఒక్క మెట్టు దగ్గర. ఆ డెప్త్ చార్జీల వల్లే మునిగిందా, లేక అంతకుముందే మునిగి ఉందా?

అడుగుతున్నది ఏ వీడియోవాడో కాదు. 1971లో సైన్యం తూర్పు కమాండ్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జాకబ్ గారే నౌకాదళ కథనాన్ని ఒప్పుకోలేదు. ఘాజీ ముందే పేలి మునిగిందని, శకలాలు జాలర్లకు దొరికాయని ఆయన రాశారు. ఢాకా లొంగుబాటు ఏర్పాట్లు చూసిన మనిషి ఆయన, దేశభక్తి లేదని అనలేం కదా. పైగా ఘాజీ మునిగినట్టు ప్రకటన వచ్చింది డిసెంబర్ 9న. డైవర్లు దిగి నిర్ధారించుకోవడానికి సమయం పట్టిందని వివరణ ఇచ్చారు, అది నమ్మదగ్గదే. కానీ ఆ మధ్య రోజుల మీదే పుకార్లన్నీ పుట్టాయి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 2010లో తగిలింది. ఘాజీ మునక మీద నౌకాదళం దగ్గర ఉండాల్సిన పత్రాలు 1980 ప్రాంతంలో ధ్వంసమయ్యాయని ఒక జాతీయ ఇంగ్లిష్ పత్రిక రాసింది. 1971 నాటి సైన్యం తూర్పు కమాండ్ రికార్డులూ మిగల్లేదన్న వార్త కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. గెలిచిన యుద్ధం తాలూకు కాగితాలండీ! ఓడిన యుద్ధానివి దాచుకున్నారంటే ఏదో అర్థం చేసుకోవచ్చు. మీ వీధి కుర్రాడికి ఈ సంగతి తెలిస్తే ఏమంటాడు? "నిజమైతే కాగితాలు ఎందుకు తగలేశారు" అంటాడు. మామూలుగా పాత ఫైళ్లు ఏరిపారేసేటప్పుడు పోయాయేమో, ఎవరి దురుద్దేశమూ లేదేమో. కానీ ఇప్పుడు దాన్ని రుజువు చేసే దారి కూడా మూసుకుపోయింది.

జై జవాన్ 77:
ఎలా మునిగితే ఏంటండీ? మునిగిందా లేదా? మన ఊరు బతికిందా లేదా? శత్రువు చెప్పే కథకు మనవాళ్లే వత్తాసు పలకడం నాకు అర్థం కావట్లేదు. రాజ్‌పుత్‌లో ఆ రాత్రి డ్యూటీ చేసినవాళ్లు ప్రాణాలకు తెగించి వెళ్లారు, వాళ్ల కుటుంబాలు ఇది చదివితే ఎలా ఉంటుంది?

పాత కాగితాల పిచ్చి:
తమ్ముడూ, ఆ నావికుల ధైర్యం గురించి ఎవరూ మాట తూలలేదు. శత్రు జలాంతర్గామి పొంచి ఉందని తెలిసి కూడా అర్ధరాత్రి పాత డిస్ట్రాయర్‌ను ఛానెల్ దాటించారు. డెప్త్ చార్జీ తగిలినా తగలకపోయినా ఆ ధైర్యం ధైర్యమే. వాళ్ల కుటుంబాలకే గట్టి కాగితం ఒకటి చేతిలో ఉండాలని నా బాధ. యాభై ఏళ్ల తర్వాత కూడా "అలా అంటారు, ఇలా అంటారు" అని మాత్రమే చెప్పుకోవాల్సి రావడం వాళ్లకు జరిగిన అన్యాయం.

కృష్ణా ఎక్స్‌ప్రెస్:
మాది నల్గొండ వైపు. మా దగ్గర అపనమ్మకానికి ఘాజీ అక్కర్లేదు, 1948 చాలు. సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. బడి పుస్తకంలో పోలీసు చర్య అంటే మాకు చెప్పింది ఇంతే, ఒక పేరా. సైన్యం వచ్చింది, జనం జేజేలు పలికారు, అయిపోయింది.

మా నాయనమ్మ చెప్పేది వేరేలా ఉండేది. రజాకార్లు వస్తున్నారంటే జొన్నచేలల్లో దాక్కోవడం గురించి చెప్పేది. ఆ తర్వాత సైన్యం వచ్చాక పక్క ఊళ్లో సాయిబుల ఇళ్లు ఎలా ఖాళీ అయ్యాయో కూడా చెప్పేది, అదే గొంతుతో, దేన్నీ తగ్గించకుండా. రెండో సగం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. పెద్దయ్యాక తెలిసింది, నెహ్రూ ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ వాళ్లను పంపించి 1948 చివర్లో విచారణ చేయించిందని. వాళ్ల అంచనా ప్రకారం పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాతా చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 మంది. ఎక్కువ ఘోరం జరిగింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. కొన్నిచోట్ల సైనికులు జనాన్ని కాపాడారని రాశారు, కొన్నిచోట్ల దోపిడీలను ప్రోత్సహించారనీ రాశారు. అంటే ఎవరినో తిట్టడానికి రాసిన రిపోర్టు కాదది. అయినా దాన్ని బయటపెట్టలేదు. ఢిల్లీలో నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో అందరూ చూసే వీలు కలిగిందని 2013లో వార్తలు వచ్చాయి. అరవై ఏళ్లు దాటాక!

ఇప్పుడు చెప్పండి, ఇంట్లో ముసలావిడ చెప్పిన మాట నిజమని, పుస్తకం సగమే చెప్పిందని ఒకసారి తేలాక, ఆ మనిషి మిగతా పుస్తకాన్ని ఎలా నమ్మాలి?

బైరాన్‌పల్లి దారి:
కృష్ణా ఎక్స్‌ప్రెస్ అన్నా, నువ్వు రాసింది కాదనను. కానీ ఒక మాట నేను చెప్పకపోతే మా ఊరోళ్లు నన్ను క్షమించరు. సుందర్‌లాల్ రిపోర్టు పేరు చెప్పి కొందరు ఇప్పుడు రజాకార్ల పాపాలే లేనట్టు మాట్లాడుతున్నారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఏం జరిగిందో మా చుట్టుపక్కల ఏ ముసలాయన్ని అడిగినా చెబుతాడు. బురుజెక్కి కాపలా కాసిన ఊరు అది. పోరాడిన యువకులను వరసగా నిలబెట్టి కాల్చారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది, ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

ఇంకోటి. సైన్యం వచ్చాక కూడా సాయుధ పోరాటం ఆగలేదు, 1951 అక్టోబర్ దాకా నడిచింది. ఆ మూడేళ్లలో అడవుల్లో, క్యాంపుల్లో చనిపోయిన రైతు బిడ్డల సంగతి అటు జేజేల పుస్తకంలోనూ లేదు, ఇటు కొత్తగా వచ్చిన వాట్సాప్ చరిత్రలోనూ లేదు. సెప్టెంబర్ 17 వస్తే ఒక్కో పార్టీ ఒక్కో పేరుతో జెండా ఎగరేస్తుంది. ఎవరికి కావాల్సిన చావులను వాళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. మా తాత అన్న కూడా అట్లనే పోయాడు, ఆయన పేరు ఏ జెండా కిందా వినిపించదు.

కృష్ణా ఎక్స్‌ప్రెస్:
నిజం తమ్మీ. మా నాయనమ్మ కూడా రెండూ చెప్పేదని అందుకే రాశాను. రెండూ చెప్పే పుస్తకం ఉంటే మనం ఇక్కడ ఇట్ల మాట్లాడుకునే అవసరమే ఉండేది కాదు.

నేఫా మనవడు:
ఫైళ్లు దాచడం గురించి అంటే 1962 గురించి చెప్పాలి. చైనా చేతిలో ఎందుకు ఓడిపోయామో విచారించడానికి లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ ప్రేమీంద్ర సింగ్ భగత్‌లను వేశారు. 1963లో రిపోర్టు ఇచ్చారు. అది ఇప్పటికీ రహస్యమే. జర్నలిస్టు కులదీప్ నయ్యర్ సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇవ్వలేదు. అందులోని విషయాలు చాలా సున్నితమైనవని, ఇప్పటికీ సైనికంగా విలువైనవని 2010లో రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ జర్నలిస్టు తన దగ్గరున్న భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. మన సైన్యం ఎందుకు ఓడిందో మనం ఒక విదేశీయుడి వెబ్‌సైట్‌లో చదువుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా రిపోర్టును అధికారికంగా విడుదల చేయలేదు.

ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే వరస, దీన్ని ఒకరి మీదే రుద్దకండి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బయటపెట్టమని అడిగేవాళ్లు, గెలిచాక అదే తాళం జాగ్రత్తగా కాపాడతారు. ఈ విషయంలో సరిహద్దుకు అటువైపూ తేడా లేదు. 1971 ఓటమి మీద పాకిస్తాన్ వేసిన హమూదుర్ రహ్మాన్ కమిషన్ రిపోర్టును వాళ్లు ఎన్నో ఏళ్లు తొక్కిపెట్టారు. 2000లో మన దేశంలోని ఒక పత్రికలో కొంత భాగం వచ్చాకే అక్కడి ప్రభుత్వం విడుదల చేసింది.

డల్లాస్ తెలుగోడు:
ఇక్కడ అమెరికాలోనూ ఇదే కథ. 1964 ఆగస్టు 4న టోంకిన్ సింధుశాఖలో తమ నౌకల మీద ఉత్తర వియత్నాం రెండోసారి దాడి చేసిందని చెప్పి యుద్ధానికి కాంగ్రెస్ అనుమతి తెచ్చుకున్నారు. ఆ రెండో దాడి అసలు జరగలేదని తేల్చిన వాళ్ల సొంత నిఘా సంస్థ అధ్యయనం 2005లో బయటికి వచ్చింది. ఆ లోపు 58,000 మంది అమెరికన్ సైనికులు, లెక్కలేనంత మంది వియత్నాం ప్రజలు పోయారు. మా ఆఫీసులో ఉన్న ఒక పెద్దాయన ఆ యుద్ధంలో పనిచేశాడు. ప్రభుత్వం వర్షం పడుతోందన్నా కిటికీ తీసి చూస్తాడు. తప్పు పట్టలేం కదా.

రెండో పీరియడ్ టీచర్:
నేను గుంటూరు జిల్లాలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను. ఇక్కడిదాకా అందరూ రాసినవి చదివాక నాకు కాస్త భయం వేస్తోంది, ఎందుకో చెబుతాను. "ప్రభుత్వాలు అబద్ధం చెప్పాయి" అన్నచోట మనం ఆగట్లేదు. "కాబట్టి అన్నీ అబద్ధాలే" అన్నచోటికి పిల్లలు ఒక్క అడుగులో వెళ్లిపోతున్నారు. నా తరగతిలో ఒక అబ్బాయి హిట్లర్ యూదులను చంపించలేదట, గెలిచినవాళ్లు అల్లిన కథట అని చెప్పాడు. ఎక్కడ విన్నావంటే ఫోన్ చూపించాడు. ఆ వీడియో మొదలయ్యేది ఎక్కడో తెలుసా? కాటిన్ దగ్గర.

కాటిన్ నిజంగా జరిగింది. 1940లో సోవియట్ పోలీసులు దాదాపు 22,000 మంది పోలండ్ అధికారులను, ఖైదీలను కాల్చి చంపారు. 1943లో శవాలు బయటపడితే నేరం జర్మన్ల మీదికి నెట్టారు. 1990 దాకా అదే అబద్ధాన్ని నిలబెట్టారు. 1992లో స్టాలిన్ సంతకం ఉన్న ఉత్తర్వులే బయటికి వచ్చాయి. ఆ వీడియో ఈ నిజం చెప్పి, పిల్లాడి నమ్మకం సంపాదించి, ఆ తర్వాత విషం పోస్తుంది. గెలిచినవాళ్లు ఇక్కడ అబద్ధమాడారు కాబట్టి యూదుల విషయంలోనూ అబద్ధమే అని.

నేను ఆ అబ్బాయిని తిట్టలేదు. బోర్డు మీద రెండు నిలువు గళ్లు గీశాను. కాటిన్ అబద్ధం దేని మీద నిలబడింది? ఒకే ఒక్క ప్రభుత్వం మాట మీద, అది రాసుకున్న ఒక్క విచారణ మీద. పోలండ్ వాళ్లు మొదటి నుంచీ కాదంటూనే ఉన్నారు. యుద్ధం తర్వాత నాజీలను విచారించిన నూరెంబర్గ్ కోర్టులో సోవియట్లు ఆ నేరాన్ని జర్మన్లకు అంటగట్టాలని చూస్తే తీర్పులో దాని ఊసే రాలేదు. యూదుల హత్యాకాండకు ఆధారాలేవి? చంపినవాళ్లు రాసుకున్న కాగితాలు, యూదుల హత్యాకాండ గురించి నాజీ అధికారులు మాట్లాడుకున్న 1942 జనవరి వాన్సీ సమావేశం మినిట్స్, రైళ్ల లెక్కలు, క్యాంపు అధికారుల వాంగ్మూలాలు, బతికి బయటపడినవాళ్ల సాక్ష్యాలు, యుద్ధానికి ముందూ తర్వాతా జనాభా లెక్కలు. ఒకరితో ఒకరికి పడని దేశాల్లో, వేర్వేరు భాషల్లో దొరికినవన్నీ ఒకే మాట చెబుతున్నాయి. 2000లో లండన్ కోర్టులో దీన్ని కాదన్న రచయిత డేవిడ్ ఇర్వింగ్ పరువునష్టం దావా వేసి తానే ఓడిపోయాడు. అతను ఆధారాలను కావాలనే వక్రీకరించాడని జడ్జి తేల్చారు.

ఆ పిల్లాడు చాలాసేపు బోర్డు చూశాడు. "మరి మన పుస్తకంలో కాటిన్ ఎందుకు లేదు టీచర్?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. మనం పుస్తకంలో పెట్టని ప్రతి నిజం, వాడికి ఎవరో ఒకరు తమ అబద్ధంతో కలిపి అందిస్తారు. నా భయం అదే.

జై జవాన్ 77:
టీచర్ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా బాధ కూడా కొంత అదే మేడమ్. అనుమానం పెంచడం సులువు, తర్వాత దాన్ని ఎవరు ఆపుతారు?

రంగం మేస్త్రి మనవరాలు:
ఒకటి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. అబద్ధం చెప్పడం ఒక రకం, అసలు చెప్పకపోవడం ఇంకో రకం. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ వెళ్లి ఓడరేవులో మేస్త్రిగా పనిచేశారు. ఆ రోజుల్లో మన కోస్తా నుంచి వేలమంది తెలుగువాళ్లు రేవుల్లో, బియ్యం మిల్లుల్లో, రిక్షాలు లాగుతూ అక్కడే బతికారు. కొరంగీలు అని పిలిచేవారు. 1941 డిసెంబర్ 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. ఆ తర్వాత లక్షలమంది భారతీయులు అరకాన్ మీదుగా, మణిపూర్ కొండల మీదుగా నడుచుకుంటూ వచ్చారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో ఎంతమంది పోయారో సరైన లెక్క ఎవరి దగ్గరా లేదు. మెరుగైన దారులు తెల్లవాళ్లకు, మిగిలిన దారులు మనవాళ్లకు అని వచ్చినవాళ్లు చెప్పుకునేవారు. మా తాతగారి చెల్లెలు ఆ దారిలోనే పోయింది.

రెండో ప్రపంచ యుద్ధం అంటే బడిలో మాకు పెర్ల్ హార్బర్, హిరోషిమా చెప్పారు. మా ఇంటికి ఆ యుద్ధం ఎలా వచ్చిందో ఒక్క వాక్యం లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయని నేను పాఠంలో చదవలేదు, విశాఖ మ్యూజియంలో బాంబు గుల్ల చూసి తెలుసుకున్నాను. ఆ భయానికి ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకు మార్చారు! పత్రికల మీద బ్రిటిష్ వాళ్ల సెన్సార్ ఉండేది, అందుకే జనం పేపరు కంటే పుకారునే ఎక్కువ నమ్మి మూటలు కట్టుకున్నారని మా అమ్మమ్మ చెప్పేది. పేపరు చెప్పకపోతే పుకారు చెబుతుంది, అప్పుడైనా ఇప్పుడైనా.

బీచ్‌రోడ్ వాసి:
ఇన్ని సంగతులు వస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీ తాతగారి చెల్లెలి గురించి ఇంకా తెలిస్తే విడిగా ఒక పోస్టు రాయండి, మేమంతా చదువుతాం.

ఆ కుర్రాడికి టీచర్ గారి రాత చూపించాను. చదివి, "అయితే ఘాజీకి ఎన్ని రకాల ఆధారాలున్నాయి అంకుల్?" అని అడిగాడు. నిజానికి అదే అడగాల్సిన ప్రశ్న. ఎక్కడ వెతకాలో ఎవరైనా చెప్పగలరా? నౌకాదళం ఫైళ్లు పోయాయంటున్నారు కదా.

పాత కాగితాల పిచ్చి:
చెబుతాను. ముందు చట్టం సంగతి. సమాచార హక్కు చట్టంలో 8(3) సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు దాటిన సంఘటనల మీద చాలా మినహాయింపులు పోతాయి, కానీ దేశ భద్రత, విదేశీ సంబంధాల మినహాయింపు పోదు. తిరస్కరించేటప్పుడు ఎప్పుడూ దాన్నే పట్టుకుంటారు. 2021 జూన్‌లో రక్షణ శాఖ కొత్త విధానం తెచ్చింది. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలి, యుద్ధం ముగిసిన 5 ఏళ్లలోపు చరిత్ర రాయించాలి అని. దరఖాస్తులో ఆ విధానాన్ని ప్రస్తావించండి. ప్రభుత్వ రికార్డులను ఇష్టం వచ్చినట్టు ధ్వంసం చేయకూడదన్న చట్టం 1993లో వచ్చింది, అప్పటికే ఘాజీ కాగితాలు పోయాయి. కాబట్టి "ఘాజీ ఫైలు ఇవ్వండి" అని అడగొద్దు, లేదని ఒక్క ముక్కలో రాసేస్తారు. ఏ రికార్డు ఏ తేదీన, ఏ ఉత్తర్వు మీద ధ్వంసం చేశారో ఆ జాబితా అడగండి. రాజ్‌పుత్ డెక్ లాగ్ (ఓడలో ఎప్పుడు ఏం జరిగిందో రాసే పుస్తకం), ఘాజీ దగ్గర దిగిన డైవర్ల రిపోర్టు, ఈ రెండింటినీ విడివిడిగా పేరు పెట్టి అడగండి.

డాక్‌యార్డ్ ఇంటివాడు:
ఇంకో దారి ఉంది. హార్బర్ నుంచి ఓడ బయటికి వెళ్లేటప్పుడు పోర్టు పైలట్ ఎక్కి ఛానెల్ దాటించి దిగుతాడు. ఆ రాత్రి రాజ్‌పుత్‌లోంచి కూడా పైలట్ దిగాకే డెప్త్ చార్జీలు వేశారని చెబుతారు. పైలట్ రిజిస్టర్లు పోర్టువి, నేవీవి కావు, అవి వేరే ఆఫీసులో ఉంటాయి. ఆ రాత్రి ఎన్ని గంటలకు దిగాడో ఆ రిజిస్టర్ మిగిలి ఉంటే అందులో ఉండాలి. మా నాన్నగారి స్నేహితులు పోర్టులో పనిచేసి రిటైరైనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇంకా ఉన్నారు, పాత రిజిస్టర్లు ఎక్కడ పెడతారో అడిగి చెబుతాను. జాలరిపేటలో శకలాలు చూసినవాళ్లు ఎవరైనా బతికి ఉంటే వాళ్ల మాటలు బీచ్‌రోడ్ గారు రికార్డు చేయాలి, ఆ రోజు పండగో, అమావాస్యో, వేట ఏ వారమో గుర్తు చేసి అడగండి. తారీఖు గుర్తుండదు కానీ వేట గుర్తుంటుంది వాళ్లకి.

రాజ్‌పుత్తే ముంచిందని నా నమ్మకం. రిజిస్టర్‌లో వేరే సమయం కనిపిస్తే దాన్ని కూడా ఇక్కడే పెడతాను.

బీచ్‌రోడ్ వాసి:
ఈ ఆదివారం జాలరిపేట వెళ్తున్నాం, కుర్రాడు కూడా వస్తానన్నాడు. దరఖాస్తు ముసాయిదా రేపు ఇక్కడ పెడతాను, కాగితాల గారు ఒకసారి దిద్దిపెట్టండి.